తెల్ల మూత, ఎర్ర మూత

పాదిరీ చేత పాపం ఒప్పించి, మందలించి, చేతిలో వెన్న పొట్లం పెట్టి పంపించిన సంసారి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు. పేరు ఓత్మార్ బ్రిక్సియస్. మిన్నెసోటాలో సెయింట్ ఒడిలియా అనే ఊళ్ళో డెయిరీలో పనిచేస్తాడు.

సరే, మందలించాడన్నది కాస్త ఎక్కువే. పాదిరీ ఒప్పుకున్నది పాపం కూడా కాదు, బేస్‌బాల్ ఆటలో బంతి జారవిడిచిన తప్పు. ఇంకా నిక్కచ్చిగా చెప్పాలంటే, ఆ రోజు ఎవరు ఎవరి దగ్గర తప్పు ఒప్పుకున్నారన్నది ఊళ్ళో ఇప్పటికీ తేలలేదు. వెన్న మాత్రం నిజం. ఉప్పు వేసిన వెన్న.

ఓత్మార్‌కు లెక్కల పిచ్చి ఎక్కించింది కాన్వెంటు బడిలో సిస్టర్ కునెగుండ. ఆవిడ కళ్ళజోడు మీదుగా ఒక్క చూపు చూస్తే పలక మీది భిన్నాలు భయపడి వాటంతటవే కొట్టేసుకునేవట. దశాంశ బిందువును తప్పు చోట పెట్టిన పిల్లల్ని ఆవిడ కొట్టేది కాదు. "ఒక చుక్క ఎక్కడ పెట్టాలో తెలియనివాడివి, రేపు పరలోకంలో నీ కుర్చీ ఎక్కడుందో ఎలా వెతుక్కుంటావురా?" అని అడిగేది. ఆ ప్రశ్న ఓత్మార్ ఎముకల్లోకి దిగిపోయింది. పెద్దయ్యాక డెయిరీలో చేరి, రైతులు తెచ్చిన పాలలో వెన్న శాతం కట్టే పనిలో కుదురుకున్నాడు. గాజు గొట్టంలో పాలు పోసి, ఆమ్లం కలిపి, గిరగిరా తిప్పి, పైకి తేలిన కొవ్వు ఏ గీత దాకా వచ్చిందో చదివి చెప్పాలి. ఒక్క గీత పెంచి చెప్పమని బతిమాలినవాళ్ళున్నారు, బెదిరించినవాళ్ళున్నారు. అందరికీ ఒకటే జవాబు.

"గీత మీద ఉన్నది చెప్తాను. నీ ఆవు మొహం చూసి చెప్పను."

అతను కొట్టాల పక్కనుంచి నడిచి వెళ్తుంటే ఆవులు నెమరు ఆపి నిటారుగా నిలబడేవని అంటారు. అందులో సగం అయినా నిజం ఉంటుంది.

అలాంటి మనిషికి హెర్షల్ ట్వైనింగ్ పుస్తకం దొరికింది. ట్వైనింగ్ ఒహాయోలో ఉంటాడు. ఏటా మంచు కరిగే రోజుల్లో, ఆటలు మొదలయ్యే ముందు, బేస్‌బాల్ లెక్కల మీద ఇటుకంత పుస్తకం వేస్తాడు. నిండా పట్టికలే. కానీ పట్టికలకూ పట్టికలకూ మధ్య ఆయన రాసే వాక్యాలున్నాయే, వాటి కోసమే ఓత్మార్ ఉతికిన చొక్కా వేసుకుని మరీ పుస్తకం విప్పేవాడు. భోజనాల బల్ల దగ్గర భార్య వెరేనాకు చదివి వినిపించేవాడు. శనివారం పూట ఇనప సామాన్ల కొట్టు వెనక గదిలో, మేకుల డబ్బాల మీద కూర్చుని, కొట్టు యజమాని రోమన్‌తో కలిసి మళ్ళీ చదివేవాడు. రోమన్ ప్రతి పేరా చివరా గుండెల మీద శిలువ గుర్తు వేసుకునేవాడు. ఎగతాళికే మొదలుపెట్టాడు కానీ తరవాత అలవాటైపోయింది.

ట్వైనింగ్ బోధలో మొదటిది సగటు గురించి. పదిసార్లు బ్యాటు పట్టుకుని నిలబడి మూడుసార్లు బంతిని చక్కగా కొట్టి, బేస్ అనే మజిలీకి పరిగెత్తి చేరినవాడిని అక్కడ మూడు వందలవాడంటారు. పాయింట్ మూడు సున్నా సున్నా. ఆ అంకె చేరినవాడికి ఊళ్ళో గౌరవం, బారులో మొదటి బీరు. అయితే బంతి విసిరేవాడు నాలుగు చెడ్డ బంతులు వేస్తే, బ్యాటరు ఏమీ కొట్టకుండానే మొదటి బేస్‌కు నడిచి వెళ్ళొచ్చు. ఈ నడక సగటులోకి రాదు. దాని మీద ట్వైనింగ్ రాసింది రోమన్‌కు కంఠతా వచ్చు: "నడిచి బేస్ చేరినవాడు పిలవని పేరంటానికి వచ్చిన చుట్టం. సగటు వాడిని చూడనట్టే మొహం తిప్పుకుంటుంది. వాడు మాత్రం అందరితో పాటే పంక్తిలో కూర్చుని, అందరికన్నా ఎక్కువ తిని వెళ్తాడు."

ఒకసారి ట్వైనింగ్ మినియాపోలిస్‌లో మాట్లాడతాడని తెలిసి ఇద్దరూ ట్రక్కులో వెళ్ళారు. దారి పొడవునా ఓత్మార్ ఒక ప్రశ్న వల్లెవేశాడు. ఎడమచేతి బౌలర్లూ, గాలివాటమూ, మధ్యలో ఒక వర్గమూలం. సంతకం కోసం వరసలో నిలబడి, తన వంతు వచ్చి, ఆ మనిషి తలెత్తి చూసేసరికి ఓత్మార్ నోట వచ్చింది ఇది: "మీరు వెన్న తింటారా?"

"తింటాను," అన్నాడు ట్వైనింగ్.

తన జీవితంలో జరిగిన సంభాషణలన్నిట్లోకీ అదే గొప్పదని ఓత్మార్ నమ్మకం. ఆయన సంతకం చేసిన పేజీలో ముందుమాట చివరి వాక్యం ఉంది. దాన్ని చక్కటి అక్షరాలతో అట్ట మీద రాసి, ఊరి మైదానంలో తను కూర్చునే చెక్క గదిలో మేకు కొట్టి తగిలించుకున్నాడు: "పెన్సిలు పట్టినవాడికి ధర్మం ఒకటే. ఆటగాడు ఏం చేశాడో రాయి. నువ్వైతే ఏం చేసేవాడివో రాయకు."

ఆ చెక్క గది ఎందుకంటే, ఊరి జట్టుకు లెక్కలు రాసేవాడు ఓత్మారే. బ్యాటరు బేస్ చేరితే అది అతని గొప్పా, అవతలివాడి తప్పా అని తేల్చాల్సింది అతనే. తేల్చాక గది బయట మేకుకు పాల క్యాను మూత తగిలించేవాడు. తెల్ల మూతైతే కొట్టినవాడి గొప్ప. ఎర్ర మూతైతే బంతి వదిలేసినవాడి తప్పు. ఆ ఊళ్ళో బిషప్పు మాటకైనా ఎదురు చెప్పినవాళ్ళున్నారు కానీ మూతకు ఎదురు చెప్పినవాళ్ళు లేరు.

ఇక లైనస్ సంగతి. లైనస్ వెరేనాకు తమ్ముడు, ఊరి జట్టుకు నాయకుడు, ఇళ్ళకు పైకప్పులు వేసే మేస్త్రీ. నలభైకి దగ్గరపడ్డాడు. మోకాళ్ళు వంగేటప్పుడు చప్పుడు చేస్తాయి. ట్వైనింగ్‌ను వెక్కిరిస్తూనే పుస్తకం ఎరువు తీసుకుని రహస్యంగా చదివేవాడు. ఇరవై ఏళ్ళ వయసులో జట్టులో చేరినప్పటి నుంచి ఒక్క వేసవిలో కూడా అతని సగటు మూడు వందలకు తగ్గలేదు. ఎనభై నాలుగు వేసవి మొదట్లోనే అందరికీ చెప్పేశాడు, ఇదే ఆఖరని. "మూడు వందలతో ఎక్కాను, మూడు వందలతో దిగుతాను. ఆ తరవాత కుర్చీలో కూర్చుని మిమ్మల్ని తిడతాను," అన్నాడు.

బావకూ బావమరిదికీ ఉన్న ఒకే ఒక్క గొడవ బంట్ దగ్గర. బంట్ అంటే బంతిని గట్టిగా కొట్టకుండా బ్యాటుతో అలా తాకించి ముందు పడేయడం. కొట్టినవాడు అవుటైపోతాడు, బేస్ మీద ఉన్న తోటి ఆటగాడు ఒక బేస్ ముందుకు జరుగుతాడు. పేరుకు తగ్గట్టు అది బంటు పనే, ఇంకొకడి కోసం తలవంచడం. ఆటలో దాన్ని త్యాగం అనే అంటారు. త్యాగం చేసినవాడి సగటు చెడకూడదని, ఆ వంతును లెక్కలోంచి తీసేస్తారు. ట్వైనింగ్‌కు మాత్రం బంట్ అంటే ఒళ్ళుమంట. చేతిలో ఉన్న రొట్టె పారేసి రొట్టెపొడి ఏరుకోవడమని రాశాడు. ట్వైనింగ్‌కు మంటైతే ఓత్మార్‌కు కార్చిచ్చే.

జూన్‌లో పక్క ఊరు మేరీఫెల్డ్‌తో ఆటలో లైనస్ బంట్ చేశాడు. మూడో బేస్ దగ్గరున్న ఆటగాడు బంతి అందుకుని లైనస్‌ను అవుట్ చేశాడు. రెండో బేస్ మీదున్నవాడు మాత్రం మూడుకు చేరాడు. ఓత్మార్ పళ్ళు కొరుకుతూ పెన్సిలు తీశాడు. అది త్యాగం కాదు, బేస్ చేరదామని ఆడి విఫలమయ్యాడు అని రాసుకున్నాడు. అంటే ఆ వంతు సగటులోకి వచ్చేసింది.

"బావా, అది త్యాగం!" అన్నాడు లైనస్ ఆట అయ్యాక.

"త్యాగమా? నీలాంటి కొట్టేవాడు అక్కడ బంట్ చేయడం త్యాగం కాదురా, తెలివితక్కువతనం. దానికి పట్టికలో వేరే గడి లేదు."

అందరూ నవ్వారు. లైనస్ కూడా నవ్వాడు. జూన్ కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు.

ఆగస్టు చివరి ఆదివారం, పూజ అయ్యాక, మళ్ళీ మేరీఫెల్డ్‌తోనే చివరి ఆట. ఆఖరి ఇన్నింగ్స్ వచ్చేసరికి సెయింట్ ఒడిలియా ఒక పరుగు వెనకబడి ఉంది. ఇద్దరు అవుట్, మూడో బేస్ మీద ఒకడు, బ్యాటుతో లైనస్. అప్పటికి ఆ వేసవిలో లెక్కకొచ్చిన వంతులు తొంభై, కొట్టినవి ఇరవై ఏడు. సరిగ్గా మూడు వందలు. తన బదులు ఇంకొకడిని పంపి లైనస్ కూర్చుని ఉంటే ఆ అంకె అలాగే గడ్డకట్టి ఉండేది. కూర్చోమని రోమన్ కంచె మీంచి అరిచాడు కూడా. లైనస్ టోపీ సర్దుకుని వెళ్ళి నిలబడ్డాడు.

మూడు చెడ్డ బంతులు పడ్డాయి. ఇంకొక్కటి చెడ్డది పడితే నడక. నడక సగటులోకి రాదు కాబట్టి మూడు వందలు చెక్కుచెదరదు. లెక్కలు రాసేవాడు అరవకూడదు కాబట్టి ఓత్మార్ కళ్ళు మూసుకుని, వదిలెయ్, వదిలెయ్ అని జపం చేశాడు. తరవాతి బంతి ఎంత దూరంగా వచ్చిందంటే దాన్ని అందుకోవాలంటే పక్క జిల్లాకు వెళ్ళాలి. లైనస్ వెళ్ళాడు. అందుకున్నాడు.

బంతి నేలను తాకుతూ నేరుగా మూడో బేస్ దగ్గరికి పోయింది. అక్కడున్నది మేరీఫెల్డ్ చర్చి సహాయ పాదిరీ, ఫాదర్ లియాండర్. కుర్రవాడే, చురుకైనవాడు. బంతి ఆయన చేతి తొడుగులోకి పిల్లి ఒళ్ళోకి వచ్చినట్టు వచ్చింది. పిల్లి లాగానే మళ్ళీ బయటికి దూకింది. ఆయన వెతుక్కునేలోగా మూడో బేస్ మీదున్నవాడి పరుగు వచ్చేసి స్కోరు సమమైంది, లైనస్ మొదటి బేస్ చేరిపోయాడు.

మైదానమంతా గదివైపు తిరిగింది. తెల్ల మూత పడితే లైనస్ ఠీవిగా మూడు వందలు దాటి దిగిపోతాడు. ఎర్ర మూత పడితే వంతు లెక్కకొస్తుంది, కొట్టింది రాదు. రెండు వందల తొంభై ఏడు. పైగా ఒక పాదిరీ పేరు మీద తప్పు.

ఓత్మార్ ఎర్ర మూత తగిలించాడు.

తరవాత వచ్చినవాడు దూరంగా కొట్టడం, లైనస్ ఆ మోకాళ్ళతోనే మొదటి బేస్ నుంచి ఆఖరి మజిలీ హోమ్ దాకా పరిగెత్తి గెలిపించడం, జనం లోపలికి దూకడం, అన్నీ జరిగాయి. ఆ గోలంతటిలోనూ ఎర్ర మూత గాలికి మేకు మీద టిక్కు టిక్కుమని కొట్టుకుంటూనే ఉంది.

సాసేజీల కొట్టు దగ్గర వెరేనా చేతిలో పట్టకారుతో ఎదురొచ్చింది. "ఏమయ్యా, కళ్ళకేమైనా పొర కమ్మిందా నీకు?"

"బంతి చేతిలో పడి బయటికొచ్చింది వెరేనా. అది తప్పే."

"మా తమ్ముడికి ఇదే ఆఖరి ఆట."

"అవును."

"ఫాదర్‌కు తప్పు అంటగట్టావ్, వాడి అంకె లాగేశావ్. ఒక్క మూతతో ఇంటినీ చర్చినీ రెండిటినీ కొట్టావ్. సాసేజీ కావాలంటే వరసలో నిలబడు."

నిలబడ్డాడు. అతని వంతు వచ్చేసరికి అయిపోయాయి.

లైనస్ మాత్రం కోప్పడలేదు. సాయంత్రం వచ్చి, ఎరువు తీసుకున్న ట్వైనింగ్ పుస్తకాన్ని బల్ల మీద పెట్టాడు. "బాధేం లేదులే బావా. సగటు ఒట్టి చెత్త అంటాడుగా మీ ట్వైనింగ్."

"కూర్చో. ముక్కలు పంచుతాను."

"వద్దులే. వచ్చే ఆదివారం పేకాటకు కూడా రాను. పైకప్పు పని ఉంది."

"ఆదివారమా?"

"ఆదివారమే."

సెయింట్ ఒడిలియాలో ఆదివారం సుత్తి ఎత్తినవాడు ఇంతవరకూ పుట్టలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ ప్రతి ఆదివారం ఆ బల్ల దగ్గర ఇద్దరూ పేకాడుతూనే ఉన్నారు. లైనస్ వెళ్ళాక ఓత్మార్ ఆ ఖాళీ కుర్చీ వంక చూస్తూ కూర్చున్నాడు. మూత సరైనదే. అందులో అనుమానం లేదు. సరైన మూత తగిలించి కూడా మనిషికి ఇంత బరువుగా ఎందుకుంటుందో ట్వైనింగ్ ఎక్కడా రాయలేదు.

మర్నాడు పొద్దున్నే డెయిరీ గుమ్మంలో ఫాదర్ లియాండర్ దిగాడు. ఓత్మార్ చేతిలోని గాజు గొట్టం కిందపడబోయింది.

"ఫాదర్, ఆ మూత గురించైతే..."

"దాని గురించే. మా ఊరివాళ్ళంతా నన్ను ఓదారుస్తున్నారండీ. బంతి ఎగుడుదిగుడు నేల మీద ఎగిరిందట, ఎండ కళ్ళలో పడిందట. ఏమీ లేదు. బంతి వచ్చేటప్పుడు మా వంటావిడ ఆ రోజు కోడి వండిందా, పంది వండిందా అని ఆలోచిస్తున్నాను. అది నా తప్పే. మీ దగ్గరికొచ్చి చెప్తే తప్ప మనసు ఊరుకోలేదు."

"అయితే మూత సరైనదే," అన్నాడు ఓత్మార్. ఊపిరి వదిలాడు.

"సరైనదే. అరకిలో వెన్న ఇవ్వండి." ఆయన వెన్న అందుకున్నాడు కానీ కదల్లేదు. "మీరు జూన్‌లో రాసింది మాత్రం నాకు అర్థం కాలేదు. ఆ బంట్ అందుకున్నది నేనే కదా."

"దానికేం? బేస్ చేరదామని ఆడాడు, కుదరలేదు."

"బేస్ చేరాలనుకునేవాడు చివరి క్షణం దాకా దాస్తాడండీ. లైనస్ బౌలరు కాలు ఎత్తకముందే నావైపు భుజాలు తిప్పి, బ్యాటు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాడు. బంట్ చేస్తున్నాను బాబూ, రా, వచ్చి నన్ను అవుట్ చెయ్యి అని చెప్పినట్టే. త్యాగం సంగతి నాకు కొంచెం తెలుసు. నా వృత్తే అది. త్యాగం చేసినవాడికి మీరు శిక్ష వేశారు."

 జూన్ మధ్యాహ్నం ఓత్మార్ కళ్ళముందుకొచ్చింది. లైనస్ భుజాలు తిరగడం అతను చూశాడు. చూసే, పళ్ళు కొరికాడు. గీత మీద ఉన్నది చదవలేదు, ఆవు మొహం చూసి రాశాడు. ట్వైనింగ్‌కు ఇష్టంలేని ఆట కాబట్టి ట్వైనింగ్ పేరు మీద తనే తీర్పు చెప్పేశాడు. ఆ ట్వైనింగ్ వాక్యమేమో అప్పుడు చెక్క గదిలో తల పైనే మేకుకు వేలాడుతూ ఉంది.

"తప్పైపోయింది ఫాదర్," అన్నాడు.

"నాకు చెప్పి ఏం లాభం? వెన్న ఎంతయింది?"

"వద్దు. పట్టుకెళ్ళండి."

ఏడాది లెక్కలు లీగు ఆఫీసుకు పంపేదాకా రాసినవాడు దిద్దుకోవచ్చు. ఇంకా పంపలేదు. ఓత్మార్ మేజోళ్ళు పైకి లాక్కుని నేరుగా లైనస్ పనిచేస్తున్న ఇంటికి వెళ్ళాడు. లైనస్ పైకప్పు మీద ఉన్నాడు. కుర్చీ ఎక్కి బల్బు మార్చాలన్నా వెరేనాను పిలిచే ఓత్మార్ నిచ్చెన ఎక్కడం మొదలుపెట్టాడు.

"బావా! దిగు! పడి చచ్చావంటే మా అక్క నన్ను చంపుతుంది!"

"జూన్‌లో నువ్వు చేసింది త్యాగమే," అన్నాడు ఓత్మార్, నిచ్చెనను రెండు చేతులా కౌగిలించుకుని. "నేను తప్పు రాశాను. దిద్దుతున్నాను."

లైనస్ సుత్తి కింద పెట్టాడు. "జాలి పడుతున్నావా నా మీద?"

"జాలే అయితే నిన్న తెల్ల మూత తగిలించేవాడిని. ఎర్రది ఎర్రదే. అది దేవుడొచ్చినా మార్చను. ఇది వేరు. అప్పుడు నీ భుజాలు చూశాను, చూసి కూడా రాయలేదు. నాకు బంట్ అంటే పడదు కాబట్టి."

లైనస్ మనసులోనే లెక్క కట్టాడు. పెదవులు కదిలాయి. అతను కూడా సిస్టర్ కునెగుండ దగ్గర చదివినవాడే. "తొంభై ఒకటిలో ఒకటి పోతే తొంభై. ఇరవై ఏడు."

"పాయింట్ మూడు సున్నా సున్నా."

"సగటు చెత్త కదా బావా?"

"చెత్తే. కానీ నీ చెత్త నీకు దక్కాలిగా."

లైనస్ నవ్వాడు. పెంకులు కదిలేలా నవ్వాడు. "ఆ ఆఖరి బంతి వదిలేసి ఉంటే ఈ బాధంతా ఉండేది కాదు, అవునా?"

"నేనేమీ అనలేదు."

"నువ్వనలేదు. నీ మొహం అంటోంది." తల పైన మబ్బు తునక కూడా లేని నీలాకాశాన్ని లైనస్ పరీక్షగా చూశాడు. "ఆదివారం వాన పడేట్టుంది. పైకప్పు పని కుదరదేమో. మా అక్కను బంగాళదుంపలు వేయించమను."

ఓత్మార్‌ను కిందికి దించడానికి అగ్నిమాపక బండి వచ్చిందని కొందరంటారు. రాలేదు. లైనస్సే భుజం మీద వేసుకుని దించాడు, మధ్యలో రెండుసార్లు పడేస్తానని బెదిరించి. ఆదివారం పేకాటలో లైనస్ గెలిచాడు. పుస్తకం మళ్ళీ ఎరువు పట్టుకెళ్ళాడు. ఎర్ర మూత ఇప్పటికీ ఆ చెక్క గదిలోనే ఉంది. ఫాదర్ లియాండర్ ఈ వైపు వచ్చినప్పుడల్లా దానికి నమస్కారం పెట్టి వెళ్తాడట.

ఈ కథను మొన్న ఇనప సామాన్ల కొట్టులో ఓత్మార్ ముందే మొదటి నుంచి చివరి దాకా చెప్పడం జరిగింది. అతను పూర్తిగా విన్నాడు. డెయిరీ టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు," అన్నాడు. "ఆ వేసవిలో ఎవరూ బంట్ చెయ్యలేదు. నేను నా జన్మలో నిచ్చెన ఎక్కలేదు. ఫాదర్ లియాండర్ వెన్న ముట్టడు, ఆయన తినేది నూనెతో చేసే మార్జరిన్."